కూజా మొక్క మూత మూసుకోదు!
(చలిదేశపు బురదతోటలో ఆకురాలే కాలం)

 

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. మొన్నటి యూనిట్ పరీక్షలో "కీటకాహార మొక్కల గురించి రాయుము" అని 4 మార్కుల ప్రశ్న వచ్చింది గదా. నేను బొమ్మ వేసి, భాగాలు గుర్తించి, "కీటకము లోపల పడిన వెంటనే కూజా మొక్క తన మూతను మూసివేయును" అని రాశాను. 4కి 4 మార్కులు వచ్చాయి. మీలో చాలామంది కూడా అలాగే రాశారని నాకు తెలుసు. గైడులో అలాగే ఉంది మరి!

పేపర్లు ఇచ్చిన రోజు సాయంత్రం స్టడీ అవర్‌లో సైన్సు సార్ చలిదేశాల బురదతోటల ఫొటోలు చూపించారు. అందులో ఒక కూజాలో కందిరీగలు సగం దాకా నిండి ఉన్నాయి. మూత మాత్రం బార్లా తెరిచే ఉంది. "సార్, ఇన్ని పురుగులు పడితే మూత ఎందుకు మూసుకోలేదు?" అని అడిగాను. సార్ కాసేపు ఆలోచించి, "నేను చదువుకునేటప్పుడు నాకూ మూసుకుంటుందనే చెప్పారు. రేపు చూసి చెప్తా" అన్నారు. మర్నాడు రెండు పుస్తకాలు తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వే చదివి గోడపత్రికకి రాయి" అన్నారు. అందుకే ఈ వ్యాసం. చివరిదాకా చదవండి. చివర్లో మన హాస్టల్‌కి సంబంధించిన విషయం ఒకటి ఉంది. అది వార్డెన్ గారు తప్పకుండా చూడాలని మనవి.

రెండు రకాల కూజాలు

కూజా మొక్కలన్నీ ఒకటి కావు. మన పుస్తకంలో బొమ్మ ఉన్నది నెపెంథిస్. అది వెచ్చని, తేమగల దేశాల మొక్క. ఆకు చివర ఒక తీగ సాగి, ఆ తీగ కొసన కూజా వేలాడుతుంది. రెండోది సర్రసీనియా. ఇది ఉత్తర అమెరికా ఖండంలో తూర్పు వైపున పుట్టిన మొక్క. దీనిలో ఆకు మొత్తం ఒక గొట్టంలా నేలలోంచి నిటారుగా లేస్తుంది. మన అమ్మలు అడ్డాకును చుట్టి పుల్ల గుచ్చి దొప్ప చేస్తారు చూడండి, అచ్చం అలాగే ఉంటుంది. ఈ రెండూ వేర్వేరు కుటుంబాల మొక్కలు. దేనికది విడిగా కూజాను తయారు చేసుకుంది.

సర్రసీనియా అనే పేరు మిషెల్ సర్రజాన్ అనే వైద్యుని పేరు మీద వచ్చింది. ఆయన 300 ఏళ్ల కిందట కెనడాలోని క్యుబెక్‌లో ఉండి అక్కడి మొక్కలను ఫ్రాన్సుకు పంపేవాడు. అప్పట్లో ఈ కూజాలు పిట్టలు నీళ్లు తాగడానికి పెట్టిన ముంతలని కూడా కొందరు అనుకున్నారట! 1874లో జోసెఫ్ హుకర్ అనే శాస్త్రవేత్త బెల్‌ఫాస్ట్ సభలో ఈ మొక్కల కీటకాహారం గురించి వివరంగా మాట్లాడారు. మరుసటి ఏడు, 1875లో, చార్లెస్ డార్విన్ కీటకాహార మొక్కల గురించి ఒక పెద్ద పుస్తకమే రాశారు.

ఈ రెండు రకాల కూజాల్లోనూ మూత కదలదు. అది వాన నీళ్లు పడకుండా గొడుగులా ఉంటుంది, లేదా తేనె చూపించి పురుగును పిలుస్తుంది. అంతే. గబుక్కున మూసుకునేది వేరే మొక్క. దాని పేరు వీనస్ ఫ్లైట్రాప్. అది అమెరికాలో నార్త్ కరోలినా, సౌత్ కరోలినా రాష్ట్రాలలోని కొద్దిపాటి చిత్తడి నేలల్లో పుట్టిన మొక్క. దాని సంగతి తెచ్చి దీనికి అంటించి ఉంటారని నా అనుమానం.

బురదలో ఆకలి

చుట్టూ నీళ్లున్నాయి, ఎండ ఉంది. అయినా మొక్కకు పురుగులెందుకు? ఇది తెలియాలంటే ఆ నేల గురించి తెలియాలి.

కెనడా, అమెరికా ఉత్తర రాష్ట్రాలు, ఐర్లండు వంటి చలిదేశాలలో బాగ్ అనే చిత్తడి నేలలు ఉంటాయి. మన గెడ్డ పక్క బురద లాంటిది కాదు. గెడ్డ నీరు కొండ మీది మట్టిని కడిగి తెస్తుంది కాబట్టి అందులో సారం ఉంటుంది. బాగ్‌కి మాత్రం వాన, మంచు తప్ప వేరే నీళ్లు దాదాపు రావు. అక్కడ స్ఫాగ్నం అనే నాచు పరుపులా పెరుగుతుంది. ఈ నాచు తన ఎండు బరువుకు సుమారు 20 రెట్లు నీరు పీల్చుకుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో దూది చాలక సైనికుల గాయాలకు ఈ నాచుతోనే కట్లు కట్టారట. ఈ నాచు నీటిని పులుపెక్కిస్తుంది. పులుపు, చలి, గాలి ఆడకపోవడం, ఈ మూడూ కలిసి అక్కడ ఏదీ తొందరగా కుళ్లనివ్వవు. చచ్చిన నాచు మీద కొత్త నాచు పేరుకుని పీట్ అనే నల్లని పొర అవుతుంది. ఆ పొర ఏడాదికి సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. అంటే మన తరగతి బెంచీ ఎత్తు పీట్ పేరుకోవాలంటే కొన్ని వందల ఏళ్లు పడుతుంది!

కుళ్లితేనే గదా ఎరువు అయ్యేది. కుళ్లకపోతే నత్రజని, భాస్వరం ఆ పొరల్లోనే బందీ అయిపోతాయి. వేర్లకు అందవు. కాబట్టి సర్రసీనియా నేలలో దొరకనిదాన్ని గాలిలో ఎగిరే పురుగుల నుండి తీసుకుంటుంది.

ఇక్కడ ఇంకో తప్పు కూడా దిద్దుకోవాలి. "పురుగులే దాని ఆహారం" అని రాస్తాం గదా. నిజానికి ఆకుపచ్చ మొక్కలన్నిటిలాగే అది కూడా ఎండతో తన పిండిపదార్థం తానే వండుకుంటుంది. పురుగు అన్నం కాదు. అన్నంలోకి ఉప్పు, పప్పు లాంటిది.

పురుగు ఎలా పడుతుంది?

1. కూజా అంచున తేనె ఊరుతుంది. ఎర్రని ఈనెలు పువ్వులా కనబడతాయి. ఈగలు, చీమలు, కందిరీగలు వస్తాయి.
2. అంచు నున్నగా ఉంటుంది. మూత లోపల, నోటి దగ్గర వెంట్రుకలు కిందికే వంగి ఉంటాయి. దిగడం సులువు, ఎక్కడం కష్టం.
3. ఇంకా కిందికి పోతే గోడ మైనం రాసినట్టు జారుతుంది. కాలు నిలవదు. గొట్టం సన్నగా ఉంటుంది కాబట్టి రెక్కలు విప్పడానికి చోటు లేదు.
4. అడుగున నీరు. పురుగు మునిగి చస్తుంది. తర్వాత మొక్క స్రవించే రసాలు, నీటిలోని సూక్ష్మజీవులు దాన్ని కరిగిస్తాయి. ఆ సారాన్ని ఆకు గోడ పీల్చుకుంటుంది.

ఎంత బాగా పన్నిన ఉచ్చు అనిపిస్తుంది గదా! కానీ ఊదారంగు కూజా మొక్క అయిన సర్రసీనియా పర్‌ప్యూరియా దగ్గర కూర్చుని లెక్కపెట్టిన వాళ్లు ఏం చెప్పారంటే, వచ్చిన వంద పురుగుల్లో ఒకటి కూడా సరిగ్గా పడదట. మిగతావి తేనె తాగి వెళ్లిపోతాయి. ఆ ఒక్కదాని కోసం మొక్క ఓపిగ్గా నోరు తెరుచుకుని ఉంటుంది. ఒకసారి ఫెయిలయ్యామని ఏడ్చేవాళ్లు ఈ మొక్కను గుర్తు చేసుకోవాలి.

బురదతోట చేసే పద్ధతి

చలిదేశాలలో ఈ మొక్కలంటే ఇష్టమున్న తోటమాలులు పెరట్లో చిన్న బాగ్ తయారు చేసుకుంటారు. మోకాలి లోతున గొయ్యి తవ్వుతారు. లోపల దళసరి ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. నీరు మరీ నిలిచిపోకుండా అక్కడక్కడ చిన్న చిల్లులు పెడతారు. ఆ గోతిలో పీట్, కడిగిన ఇసుక కలిపి నింపుతారు. మన తోట మట్టి గాని, పెంటఎరువు గాని, సున్నం గాని ఒక్క పిడికెడు కూడా వేయరు. వేస్తే మొక్క చచ్చిపోతుంది. పోసేది కూడా వాన నీళ్లే. బోరు నీళ్లలో లవణాలు ఉంటాయి కాబట్టి పనికిరావు. చోటు మాత్రం రోజంతా ఎండ తగిలేదై ఉండాలి.

ఇందులో ఒక చిక్కు ఉంది. తోట కోసం పీట్ కావాలంటే ఎక్కడో ఒక నిజమైన బాగ్‌ను తవ్వాలి. ప్రపంచంలో పీట్ నేలలు మొత్తం భూమిలో సుమారు 3 శాతమే. కానీ నేలల్లో దాగిన కార్బన్‌లో దాదాపు మూడో వంతు వాటిలోనే ఉంది. తవ్వి ఆరబెడితే ఆ కార్బన్ గాలిలో కలిసి భూమి ఇంకా వేడెక్కుతుంది. మొక్క మీద ప్రేమతో మొక్క పుట్టిల్లు తవ్వడం ఎంతవరకు న్యాయం? అని అక్కడ కూడా వాదన జరుగుతోంది.

ఆకురాలే కాలంలో తోట

చలిదేశాలలో సెప్టెంబరు నుండి నవంబరు దాకా ఆకురాలే కాలం. మనకు వానలు తగ్గి చలి మొదలయ్యే రోజులు అవే. లంబసింగిలో పొగమంచు చూసినవారికి ఆ చలి కొద్దిగా అర్థమవుతుంది. కాకపోతే అక్కడ ఆ తర్వాత నీళ్లు గడ్డకట్టే చలి వస్తుంది. ఈ మూడు నెలల్లో ఒక్కో రకం కూజా మొక్క ఒక్కో పని చేస్తుంది.

పసుపు కూజా మొక్క, అంటే సర్రసీనియా ఫ్లావా, వసంతంలోనే పొడవాటి కూజాలు వేసి వేసవంతా వేటాడుతుంది. ఆకురాలే కాలానికి ఆ కూజాలు పై నుండి ఎండుతూ వస్తాయి. అప్పుడది కూజాలు మానేసి చదునైన కత్తి లాంటి ఆకులు వేస్తుంది. చలికి పురుగులు తగ్గిపోయాయి గదా. ఉచ్చు పన్ని ఏం లాభం? ఆ ఆకుతో ఉన్న కొద్దిపాటి ఎండనే పట్టుకుంటుంది.

తెల్లతల కూజా మొక్క, అంటే సర్రసీనియా ల్యూకోఫిల్లా, దీనికి ఎదురు. దాని అందమైన కూజాలు వేసవి చివర, ఆకురాలే కాలంలోనే వస్తాయి. పైభాగం తెల్లగా, మీద ఎర్రని ఈనెలతో ముగ్గు వేసినట్టు ఉంటుంది. ఈ అందమే దాని ప్రాణం మీదికి తెచ్చింది. పూలగుత్తుల్లో పెట్టడానికి అడవి నుండి దాని కూజాలు కోసుకుపోయి అమ్మారు.

మూడోది ఊదారంగు కూజా మొక్క. పొట్టిగా, లావుగా, కుండల్లా నేల మీద చుట్టూ పరుచుకుని ఉంటుంది. దీని మూత నిలువుగా ఉంటుంది కాబట్టి వాన నీరు నేరుగా లోపలికే పడుతుంది. చలి వచ్చేకొద్దీ ఇది ఎర్రగా, ముదురు ఊదాగా మారుతుంది. కూజాలు ఎండిపోవు. అలాగే మంచు కిందికి వెళ్లి, మళ్లీ వసంతంలో పని మొదలుపెడతాయి. అందరికంటే ఉత్తరాన, మంచుదేశం లాబ్రడార్ దాకా పెరిగేది ఇదే. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ వాళ్లు దీన్ని 1938లో ఒక సెంటు నాణెం మీద వేసుకున్నారు. 1954లో తమ రాష్ట్ర పుష్పంగా ప్రకటించుకున్నారు.

ఇదే కాలంలో కాయలు ఎండి పగిలి చిన్న గింజలు రాలతాయి. ఆ గింజ వెంటనే మొలవదు. కొన్ని వారాలు తడిచలిలో పడి ఉంటేనే మొలుస్తుంది. చలి పోకముందే మొలిస్తే మంచుకు చస్తానని దానికి "తెలుసు" అన్నమాట! మొలిచాక పువ్వు పూయడానికి మూడు నుండి ఐదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

ఒక విచిత్రం. కెనడాలోని ఆల్గాంక్విన్ పార్కులో ఒక బాగ్‌లో ఊదా కూజాలను పరిశీలించినప్పుడు, వేసవి చివర నుండి ఆకురాలే కాలం వరకు, ఐదు మొక్కల్లో దాదాపు ఒకదానిలో సాలమాండర్ పిల్లలు దొరికాయి. సాలమాండర్ అంటే చూడ్డానికి బల్లిలా ఉండే, కప్పల జాతికి దగ్గరి ఉభయచర జీవి. చెరువులో పెరిగిన పిల్లలు ఆ రోజుల్లో నేల మీదికి వస్తూ కూజాల్లో పడిపోతున్నాయి. ఈ సంగతి 2019లో ప్రకటించారు. కాబట్టి ఇకమీద "కీటకాలను మాత్రమే తినును" అని రాయకండి!

కూజాలో కాపురాలు

ఊదా కూజాలో పడినవన్నీ చావవు. కొన్ని అక్కడే కాపురం ఉంటాయి. ఒక రకం చిన్న ఈగ జాతి పురుగు పిల్లలు అడుగున ఉండి చచ్చిన పురుగులను కొరికి ముక్కలు చేస్తాయి. ఆ ముక్కల మీద బాక్టీరియా పెరుగుతుంది. ఆ బాక్టీరియాను ఒక రకం దోమ పిల్లలు తింటాయి. అన్నిటి వ్యర్థాలలోని నత్రజని మొక్కకు చేరుతుంది. మన మెస్‌లో ఒకరు కూరలు తరిగి, ఒకరు వండి, ఒకరు వడ్డించినట్టే ఉంటుంది.

ఆ దోమ పేరు వయోమియా స్మిథియై. అది గుడ్లు పెట్టేది ఈ మొక్క కూజాలోనే. ఉత్తరాన ఉండేవి మనుషులను కుట్టవు. చలికాలంలో కూజాలోని నీరు గడ్డకడితే దోమ పిల్లలు ఆ మంచుగడ్డలోనే నిద్రపోయి, వసంతంలో కరిగాక లేస్తాయి.

ఎప్పుడు నిద్రపోవాలో వాటికి ఎలా తెలుస్తుంది? చలిని చూసి కాదు, పగటి పొడవును చూసి. పగలు ఒక హద్దు కన్నా తగ్గగానే పెరగడం ఆపేస్తాయి. విలియం బ్రాడ్‌షా, క్రిస్టినా హోల్జాఫెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2001లో ప్రకటించిన విషయం వినండి. ఉత్తరాది దోమలు 1972లో ఉన్నదానికన్నా 1996 నాటికి సుమారు 9 రోజులు ఆలస్యంగా నిద్రకు పోతున్నాయి. భూమి వేడెక్కి ఆకురాలే కాలం సాగిపోతుంటే, వాటి జన్యువులే మారిపోయాయన్నమాట. ఒక చిన్న కూజాలోని దోమ ప్రపంచం మారుతోందని చెప్పింది!

చలికాలపు నిద్ర

తోటమాలులు ఆకురాలే కాలం చివర్లో తోట మీద పైన్ చెట్ల సూదాకులు గాని, ఎండుటాకులు గాని దుప్పటిలా కప్పుతారు. పైన మంచు పడితే ఇంకా మేలు. మంచు చల్లనిదే అయినా దానిలో గాలి నిండి ఉంటుంది కాబట్టి బయటి గట్టి చలిని లోపలికి రానివ్వదు. మన గొంగడి చేసే పనే అది చేస్తుంది.

కొత్తగా పెంచేవాళ్లు పాపం జాలితో కుండీని ఇంట్లో వెచ్చగా పెట్టుకుంటారట. అప్పుడు మొక్క నిద్ర లేక నీరసించి రెండు మూడేళ్లలో చచ్చిపోతుంది. ఇంకొందరు ఎండిన కూజాలు చూసి చచ్చిందనుకుని పారేస్తారు. నిజానికి నేలలోని దుంప బతికే ఉంటుంది. మూడు నాలుగు నెలల చలి నిద్ర దానికి తప్పనిసరి. లైట్లు ఆర్పాక కబుర్లు చెప్పేవారు గమనించగలరు (ఇది వార్డెన్ గారి తరఫున నేను రాశాను).

ఎరువు ఎక్కువైతే?

ఎరువు వేస్తే మొక్క బాగా పెరగాలి గదా? ఆరన్ ఎల్లిసన్, నికొలస్ గోటెల్లి అనే శాస్త్రవేత్తలు ఊదా కూజా మొక్కలకు నత్రజని కలిపి చూశారు. 2002లో వారు చెప్పిందేమంటే, నత్రజని ఎక్కువైన మొక్కలు కూజాలు తగ్గించి చదును ఆకులు వేశాయి. తేరగా దొరుకుతుంటే వేట ఎందుకు? అయితే అసలు ప్రమాదం వేరే ఉంది. బళ్ల పొగ నుండి, పొలాల ఎరువుల నుండి నత్రజని గాలిలో కలిసి వానతో బాగ్‌ల మీద పడుతోంది. నేల బలిసే కొద్దీ గడ్డి, పొదలు ఏపుగా పెరిగి ఈ పొట్టి మొక్కలను కప్పేస్తాయి. అంటే ఈ మొక్క బీదనేలలో బతకగలదు, కానీ సారవంతమైన నేలలో ఓడిపోతుంది.

అలాగని ఎక్కడ పడితే అక్కడ నాటినా తప్పే. 1906లో ఐర్లండులోని ఒక బాగ్‌లో ఊదా కూజా మొక్కను తెచ్చి నాటారు. అది అక్కడ పాతుకుపోయి వ్యాపించింది. ఒక చోట అపురూపమైనది ఇంకో చోట కలుపు అవుతుంది.

అక్కడి గిరిజనులు, ఇక్కడి గిరిజనులు

ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. కెనడా తూర్పున మిక్‌మా అనే ఆదివాసీలు ఉన్నారు. 1860లలో మశూచి వచ్చినప్పుడు వాళ్లు ఈ ఊదా కూజా మొక్క వేరుతో కషాయం కాచి తాగేవారని నోవా స్కోషియాలోని వైద్యులు రాశారు. కొందరు నమ్మారు, కొందరు కొట్టిపారేశారు. తర్వాత ఆ మాటే మరుగున పడింది. 2012లో అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో పరీక్షించి, ఈ మొక్క సారం మశూచి జాతి వైరస్ కణాల్లో పెరగకుండా అడ్డుకుంటోందని చూపించారు. ఇది ప్రయోగశాల గాజు పాత్రలో జరిగిన సంగతి. మనిషికి మందుగా రుజువు కాలేదు. మశూచి పోయింది టీకాల వల్లనే. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అది అంతరించిందని ప్రకటించింది. అయినా ఆ ఆదివాసీల మాట ఉత్త మూఢనమ్మకం అని పరీక్షించకుండా తోసేయడం తప్పని తేలింది గదా!

మన దేశంలో కూజా మొక్క ఒక్కటే ఉంది. నెపెంథిస్ ఖాసియానా. మేఘాలయ కొండల్లో పెరుగుతుంది. అక్కడి గారో గిరిజనులు దాన్ని "మెమాంగ్ కొక్సి" అంటారు. అంటే దయ్యం బుట్ట! బాఘ్‌మారా దగ్గర దాని కోసమే ఒక రక్షిత స్థలం ఉంది. అంతరించే ప్రమాదంలో ఉన్నది కాబట్టి దానితో అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. పుస్తకాలకన్నా ముందే దానికి పేరు పెట్టినవాళ్లు మనలాంటి కొండవాళ్లే.

మన ట్యాంకు వెనక

ఇప్పుడు అసలు విషయం. మన నీళ్ల ట్యాంకు వెనక రాతి పక్కన ఎప్పుడూ చెమ్మగా ఉండే ఇసుక నేల ఉంది. అక్కడ రూపాయి బిళ్లంత ఎర్రని మొక్కలు నేలకు అంటుకుని ఉన్నాయి. ఆకుల మీద మంచుబొట్ల లాంటి చుక్కలు మెరుస్తుంటాయి. మనం రోజూ వాటిని తొక్కుకుంటూ పళ్లేలు కడగడానికి వెళ్తాం. సార్‌ని తీసుకెళ్లి చూపించాను. అది డ్రొసెరా అన్నారు! ఆ చుక్కలు మంచు కాదు, జిగురు. చిన్న పురుగు అంటుకుంటే చుట్టూ ఉన్న నూగు దాని మీదికి వంగుతుంది. అంటే కీటకాహార మొక్క కోసం మనం కెనడా పోనక్కర్లేదు. పళ్లెం పట్టుకుని ట్యాంకు దాకా పోతే చాలు.

వచ్చే వారం శ్రమదానంలో ఆ చోటనే తవ్వి, బూడిద, పెంటఎరువు వేసి పెరటితోట చేయాలని అనుకున్నాం. తోటకూర, బెండ వేస్తే మెస్‌కి మేలే. నేను కాదనను. కానీ పైన చదివారు గదా, ఇలాంటి మొక్కకు ఎరువే విషం. ఇది ఒక ఏడాది బతికే మొక్క. వేసవికి ఎండిపోతుంది, గింజలు ఆ ఇసుకలోనే ఉండి మళ్లీ వానలకు లేస్తాయి. ఒక్కసారి తవ్వి ఎరువు చల్లితే మళ్లీ లేవకపోవచ్చు.

వార్డెన్ గారికి మా మనవి ఇది. తోటను ట్యాంకుకు రెండో వైపు, అరటి చెట్ల దగ్గర వేసుకుందాం. అక్కడ నేల కూడా బాగుంది. రాతి పక్కన నాలుగడుగుల చోటు మాత్రం వదిలేయండి. చుట్టూ రాళ్లు పేర్చే పని 9వ తరగతి వాళ్లం చేస్తాం. వచ్చే ఏడు ఈ పాఠం వచ్చినప్పుడు తమ్ముళ్లూ చెల్లెళ్లూ గైడు చూసి కాకుండా అక్కడ కూర్చుని, కళ్లతో చూసి రాస్తారు. అప్పుడు నాలాగా తప్పు రాసి 4 మార్కులు తెచ్చుకునే అవసరం ఉండదు.

నా పేపరు తీసుకెళ్లి సార్‌కి ఇచ్చి, "ఒక మార్కు తీసేయండి సార్" అన్నాను. సార్ నవ్వి, "తీసేస్తే అందరికీ తీయాలి, నాకు కూడా!" అన్నారు. పేపరు మీద మాత్రం ఎర్ర సిరాతో "మూత కదలదు" అని రాసి సంతకం చేశారు.

గుర్తుంచుకోండి

* కూజా మొక్కల మూత కదలదు. మూసుకునేది వీనస్ ఫ్లైట్రాప్.
* పురుగుల నుండి మొక్క తీసుకునేది ముఖ్యంగా నత్రజని, భాస్వరం. పిండిపదార్థం ఎండతో తానే చేసుకుంటుంది.
* ఎండినట్టు కనబడే మొక్క చచ్చినట్టు కాదు.

చెప్పుకోండి చూద్దాం

1. ఆకురాలే కాలంలో పసుపు కూజా మొక్క చదును ఆకులు ఎందుకు వేస్తుంది?
2. కూజాలోని దోమ పిల్లలకు నిద్రవేళ ఎలా తెలుస్తుంది?
3. మన ట్యాంకు వెనక డ్రొసెరా మొక్కలు ఎన్ని ఉన్నాయి? (పీకకుండా లెక్కపెట్టాలి!)

మొదటి రెండిటికి జవాబులు ఈ కాగితం మీదే ఉన్నాయి. మూడోదానికి ఆదివారం ఉదయం అందరం కలిసి వెళ్దాం. చెప్పులు విప్పి రండి.

— 9వ తరగతి విద్యార్థి